ఫొటోలో చెప్పులు

ఆయన పోయిన సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. చిత్తూరు నుంచి తిరుపతికి వస్తున్న బస్సు ఒక పల్లె స్టాపులో ఆగింది. ఊరికే కిటికీలోంచి బయటికి చూస్తే, రెండు బొంగుల మధ్య కట్టిన ఫ్లెక్సీలో ఆయన మొహం కనిపించింది. పైన ‘కన్నీటి నివాళి’ అని ఉంది. తేదీ చదివేలోపే బస్సు కదిలింది. ఆ కాస్త సేపట్లోనే ఆ ఫ్లెక్సీని ఎంత ఆదరాబాదరాగా చేశారో కంటికి తగిలింది. జుట్టు చుట్టూ తెల్లటి అంచు వదిలేశారు. మొహం మీద వెలుతురు ఎడమ పక్క నుంచి పడుతుంటే, వెనకాల అతికించిన ఆకాశంలో సూర్యుడు కుడి పక్కన ఉన్నాడు. ఆయన గనక అది చూసి ఉంటే, తప్పు తనదే అయినట్టు తల దించుకునేవాడు.

అంత సిగ్గరి మగమనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఇంకో టీ కావాలని అడగడానికి సిగ్గు. నలుగురి ముందు అన్నం డబ్బా తెరవడానికి సిగ్గు. ఎవరైనా పని బాగుందంటే చెవులు ఎర్రబడేవి. వెంటనే అందులో ఏదో ఒక తప్పు వెతికి చూపించి, ఆ మెప్పును వాళ్ళకే తిరిగి ఇచ్చేసేవాడు.

అప్పుడు నేను తిరుపతి బస్టాండు ఎదుటి సందులో ఒక చిన్న డీటీపీ సెంటరులో తెలుగు టైపింగు చేసేదాన్ని. పెళ్ళికార్డులు, కరపత్రాలు, జాతకాలు మా పని. ఫ్లెక్సీలు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. లోపలి గదిలో కంప్యూటరు దగ్గర మా డిజైనరుగా ఆయన కూర్చునేవాడు. మద్రాసులో క్యాలెండర్లు వేసే ప్రెస్సులో చాలా ఏళ్ళు కుంచెతో బొమ్మలు వేశాడనీ, అక్కడికి కంప్యూటర్లు వచ్చాక ఆ పనీ నేర్చుకుని ఇటు వచ్చేశాడనీ మా ఓనరు చెప్పాడు. సొంతూరు చిత్తూరు పక్క అని తెలుసు. ఏ ఊరో మాత్రం ఆయన నోటి నుంచి ఎప్పుడూ వినలేదు.

గిరాకీ లేని వేళల్లో ఆయన వస్తువుల బొమ్మలు వేసేవాడు. మేము టీ తాగే స్టీలు గ్లాసు, షట్టరుకు వేసే ఇత్తడి తాళం, సగం అరిగిన సబ్బుబిళ్ళ, ఎవరో వదిలేసి వెళ్ళిన దువ్వెన. వస్తువును మానిటరు పక్కన పెట్టి, ట్యూబులైటు ఆర్పేసి, టేబులు లైటు ఒక్కటే ఒక పక్క నుంచి వెలిగించేవాడు. ఫొటోలోంచి కోసి అతికించడం ఆయనకు నచ్చదు. బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేరులో ముందు బూడిదరంగుతో ఒక ముద్దలాంటి ఆకారం వేసి, దాని మీద పొర తర్వాత పొర పరిచేవాడు. ఒక పొరలో నీడ, ఇంకొక పొరలో మెరుపు, మరొక పొరలో గీతలూ నొక్కులూ. మౌసును పట్టుకున్నట్టే ఉండేది కాదు, కోడిపిల్లను పట్టుకున్నట్టు ఉండేది.

“వెలుతురు యాడి నుంచి వస్తా ఉండాదో ముందు సూడు పాపా. వస్తువును తర్వాత సూడచ్చు,” అనేవాడు నాతో. నన్ను పాపా అనే పిలిచేవాడు.

స్టీలు గ్లాసు బొమ్మ పూర్తయిన రోజు నన్ను పిలిచి చూపించాడు. గ్లాసు పొట్ట మీద మా షాపు తలుపు విల్లులా వంగి కనిపిస్తోంది. పక్కన అర, దాని మీద కాగితాల కట్టలు. వాటికి అడ్డంగా దారమంత సన్నటి ఆకుపచ్చ గీత ఒకటి. అదేమిటని అడిగాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. “నీ చున్నీ పాపా. ఆ పొద్దు నువ్వు ఆడ నిలబడుకోని ఉంటివి,” అన్నాడు. నేను ఎంత బాగుందో చెప్పబోయేసరికి, “అడుగు సరిగ్గా ఆనలేదు. గాల్లో ఉన్నట్టుండాది,” అని ఫైలు మూసేశాడు.

చిత్తూరు దగ్గరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఒకటి తమ డబ్బాల మీదికి మామిడికాయ బొమ్మ వేయించుకుంది. ఆయన వేసిన కాయ తొడిమ దగ్గర సొన కారి నల్లబడిన మచ్చ ఉంది. ఫ్యాక్టరీ మనిషి ఆ మచ్చ తీసేయమన్నాడు, ఇంకా పసుప్పచ్చగా చేయమన్నాడు. ఆయన ఏమీ అనకుండా తీసేశాడు, పచ్చగా చేశాడు. తర్వాత ఎప్పుడైనా అంగట్లో ఆ డబ్బాలు కనిపిస్తే మొహం పక్కకు తిప్పుకునేవాడు.

ఆయనకు కోపం రావడం ఒక్క విషయంలోనే చూశాను. పల్లెల నుంచి వచ్చిన ముసలివాళ్ళు అలవాటు కొద్దీ “సామీ” అని పిలిస్తే ఆయన మొహం మాడిపోయేది. అట్లా పిలవద్దని గట్టిగా చెప్పేవాడు. వాళ్ళు బెదిరిపోయేవాళ్ళు. అది చూసి మళ్ళీ ఈయనే సిగ్గుపడి, వాళ్ళకు టీ తెప్పించేవాడు.

ఒకరోజు పొద్దున ఒక టీచరు వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. వాళ్ళ నాయన చనిపోయి ఏడాది కావస్తోందట. ఫొటో పెద్దది చేయించాలి. ఉన్నదల్లా ఒకే ఒక్క నలుపు తెలుపు ఫొటో. నా టేబులు మీద పెట్టాడు. ఒక పెద్ద ఇంటి ముందు దండ వేసిన కొత్త ట్రాక్టరు నిలబెట్టి ఉంది. ఇంటి అరుగు మీద కుర్చీలో ఒకాయన మీసం దువ్వుకుని కూర్చున్నాడు. ట్రాక్టరుకు ఈ పక్కగా, ఫొటో అంచుకు దగ్గరగా, ఒక సన్నటి మనిషి నిలబడి ఉన్నాడు. మోకాళ్ళ పైకి కట్టిన పంచె, భుజం మీద తువ్వాలు, ఒట్టి కాళ్ళు. ఆయనే టీచరు వాళ్ళ నాయన. ఆ ఇంట్లో సేద్యం పనులు చేసేవాడట. ట్రాక్టరు కొన్న సంబరంలో ఆ ఇంటివాళ్ళు పనివాళ్ళకూ ఒక కాపీ ఇచ్చారట.

“మా నాయనను ఒక్కడినే కోసి తియ్యాల. వెనకాల ఏదన్నా పరదా మాదిరి పెట్టండి,” అన్నాడు టీచరు. తర్వాత వేలితో ఆ మనిషి చంక దగ్గర చూపించాడు. తువ్వాలు కింద రెండు మడమల అంచులు కనిపిస్తున్నాయి. చెప్పులు. “ఈటిని ఈడ నుంచి తీసేసి కాళ్ళకు వెయ్యాల. అయితాదా?”

అట్లా ఎందుకని అడిగాను. టీచరు నన్ను ఒక క్షణం చూసి, పాఠం చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. ఆ ఊళ్ళో వాళ్ళది ఊరికి అవతలి ఆదిఆంధ్రవాడ. పెద్దింటి వీధిలోకి వాడ మనుషులు చెప్పులతో రాకూడదు. వీధి మొదట్లో విప్పి చంకలో పెట్టుకుని, పని అయిపోయి వీధి దాటాక మళ్ళీ వేసుకునేవాళ్ళు. ఫొటో తీసింది ఆ వీధిలోనే కాబట్టి చెప్పులు చంకలోనే ఉన్నాయి. తను చిన్నప్పటి నుంచీ హాస్టళ్ళలో చదువుకున్నందువల్ల ఇదంతా దగ్గరుండి చూడలేదట. “గోడ మీద దండేసినాక కూడా మా నాయన చెప్పులు చంకలో పెట్టుకోనే ఉండల్నా?” అన్నాడు.

అప్పటికే మా డిజైనరు టీ గ్లాసుతో బయటికి వచ్చి నా వెనక నిలబడి ఉన్నాడు. ఫొటో చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. ఏ ఫొటో వచ్చినా ఇది ఏ ఊరు, ఎవరు తీశారు అని అడిగే మనిషి, ఆ రోజు ఒక్క మాటా అడగలేదు. చెప్పులు ఎట్లాంటివో మాత్రం అడిగాడు. టైరు అట్ట వేసిన తోలు చెప్పులు, అమ్మ ఇంకా దాచి ఉంచింది అని టీచరు చెప్పాడు. అవి తెస్తే చూసి గీస్తానన్నాడు ఆయన.

టీచరు వెళ్ళాక స్కాను చేసి, ఆ ఫొటోను తెర మీద పెద్దది చేస్తూ పోయాడు. అరుగు, కుర్చీ, కుర్చీలో మనిషి మీసం, చివరికి అంతా నల్లటి, బూడిదరంగు గళ్ళయిపోయింది. ఆ గళ్ళ ముందే కూర్చుండిపోయాడు.

రెండు మూడు రోజుల తర్వాత టీచరు వాళ్ళమ్మను తీసుకుని వచ్చాడు. ఆమె తన చెప్పులు షాపు బయటే విడిచి లోపలికి వచ్చింది. చేతిలో గుడ్డ సంచీ. నేను స్టూలు వేస్తే కూర్చుంది. లోపలి గది తలుపు తీసుకుని ఆయన బయటికి వచ్చాడు. ఆమె ఆయన్ను చూసింది. మెల్లగా స్టూలు మీంచి లేచి నిలబడింది.

“సిన్నసామీ, నువ్వా,” అంది.

టీచరుకు అర్థం కాలేదు. పెద్దింటాయన కొడుకు, ఒక్కడే కొడుకు, చిన్నప్పుడే మద్రాసుకు పోయినాడు అని ఆమె చెప్పింది. టీచరు మొహంలో రంగు మారింది. అయినా అమ్మ చేతిలోని సంచీ అందుకున్నాడు. సంచీలోంచి చెప్పులు తీసి టేబులు మీద పెట్టబోతే మా డిజైనరు రెండు చేతులూ చాపాడు. అప్పుడు ఆమె గబుక్కున అడ్డం వచ్చింది.

“వద్దు సామీ. మళ్ళా నీ చేత్తో ఎత్తుకోవద్దు.”

“మళ్ళా అంటే?” అన్నాడు టీచరు. “ముందు యప్పుడు ఎత్తుకున్యాడు?”

ఆమె నేలకేసి చూస్తూ, ఏమీ లేదు, ఊరికే అన్నాను అంది. టీచరు ఇంకోసారి అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. చెప్పవలసింది తనే అని మా డిజైనరుకు అర్థమైంది. ఆయన నా వైపు కూడా ఒకసారి చూశాడు, నన్ను బయటికి వెళ్ళమంటాడేమో అనుకున్నాను. అనలేదు.

“మీ నాయన కాలికి తుమ్మముల్లు దిగి చీము పట్టింటే, ఆ పొద్దు చెప్పులతోనే మా వీధిలోకి వచ్చినాడు,” అన్నాడు. “మా నాయన అరుగు మీద ఉన్యాడు. విప్పిచ్చినాడు. నన్ను పిలిచి, అవి ఎత్తి ఆయన నెత్తిన పెట్టమన్యాడు. నాకు పదేండ్లు. నేను పెట్టినా. ఒకటి జారతా ఉంటే, కింద పడకుండా సర్ది మరీ పెట్టినా. మా నాయన అన్నం తిని చెయ్యి కడుక్కునేదాకా మీ నాయన అట్లే ఎండలో నిలబడుకోని ఉన్యాడు.”

సర్ది పెట్టాను అన్నప్పుడు ఆయన రెండు చేతులూ గాల్లో కొంచెం కదిలాయి. అది తెలిసి చేసింది కాదు. టీచరు ఆ చేతులనే చూశాడు. తర్వాత ఫొటో తీసుకున్నాడు, చెప్పులు సంచీలో వేసుకున్నాడు, అమ్మ చెయ్యి పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఒక పనిని చెడగొట్టానే అన్న నొప్పి ఉంది.

ఆ తర్వాత రోజుల్లో ఆయన చేసిన పెళ్ళికార్డుల్లో తప్పులు పడ్డాయి. ఓనరు కేకలేశాడు. ఆయన నిలబడి వినేవాడు. నాకు ఆయనతో ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. పదేళ్ళ పిల్లవాడిగా చేసిన పనికి మీ తప్పేముంది అని ఒకసారి అనబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపేశాడు. ఇన్నేళ్ళూ ఆ మాటే తనకు తాను చెప్పుకుంటూ వచ్చాననీ, ఆ చెప్పులు ఎంత బరువుండేవో మాత్రం చేతులకు ఇంకా గుర్తుందనీ చెప్పాడు.

ఒక మధ్యాహ్నం టీచరు ఒక్కడే వచ్చాడు. సంచీ నా టేబులు మీద పెట్టాడు. నేరుగా లోపలి గదిలోకి వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాడు.

“నువ్వే వెయ్యాల,” అన్నాడు. “వేరేవాళ్ళ దగ్గరికి పోదామనుకుంటి. మనసు ఒప్పలేదు. ఇంగొక మాట. మా నాయనను కోసి తియ్యద్దు. ఆ ఇల్లు అట్లే ఉండాల. ట్రాక్టరు ఉండాల. అరుగు మీద మీ నాయనా అట్లే కూర్చోని ఉండాల. ఆ వీధిలో, ఆయన ముందర, మా నాయన కాళ్ళకు చెప్పులుండాల.”

మా డిజైనరు తల ఊపాడు. టీచరు వెళ్ళబోతూ, ఇది క్షమించినందువల్ల కాదని స్పష్టంగా చెప్పి వెళ్ళాడు.

ఆ పని ఆయన చేయడం నేను పక్కనుండి చూశాను. చెప్పులను మానిటరు పక్కన పెట్టాడు. టేబులు లైటు పైనుంచి పడేట్టు తిప్పాడు, ఫొటోలో ఎండ నడినెత్తిన ఉంది కాబట్టి. ముందు టైరు అట్ట గీశాడు, దాని అంచున పొరలు పొరలుగా చీలిన నూలుతో సహా. దాని మీద తోలు. బొటనవేలు దూర్చే ఉంగరం, అడ్డపట్టీ, పట్టీని అట్టకు బిగించిన మేకుల తలలు. వేళ్ళు రాసుకుని నల్లబడిన గుంటలు. మడమ దగ్గర ఒక వైపే ఎక్కువ అరిగిన వాలు. అన్నీ వచ్చాయి. ఒట్టి చెప్పులుగా చూస్తే చెయ్యి పెట్టి తీసుకోవచ్చనిపించేట్టు వచ్చాయి.

కానీ ఫొటోలోని మనిషికి అవి తొడిగితే కుదరలేదు. ఒట్టి కాళ్ళతో నిలబడ్డ మనిషి వేళ్ళు మట్టిలోకి దిగి ఉన్నాయి. చెప్పుల్లో అట్లా ఉండవు. వేళ్ళన్నీ తిరిగి వేయాల్సి వచ్చింది. “మనిషిని పైకి లేపాల పాపా. అట్ట మందం ఎంతుంటే అంత,” అన్నాడు. మొత్తం మనిషిని నేల మీంచి కొంచెం పైకి జరిపాడు. కింద నీడను కూడా మార్చాడు. తర్వాత చంకలోంచి చెప్పులు చెరిపేశాడు. చెరిపేశాక చూస్తే ఆ చెయ్యి ఇంకా పక్కటెముకలకు బిగించే ఉంది, ఏమీ లేకపోయినా దేన్నో పట్టుకున్నట్టు. ఆ చేతిని వదులు చేయడానికే అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది. మోచెయ్యి కిందికి దించాడు. అది కొయ్యచెయ్యిలా కనిపించింది. చెరిపాడు. తన చెయ్యినే అద్దంలో చూసుకుంటూ గీశాడు. అదీ చెరిపాడు. చివరికి ఒక రోజు ఆ చెయ్యి మామూలు మనిషి చెయ్యిలా పక్కన వేలాడింది. అప్పుడు మొత్తం మీద పాత ఫొటోలో ఉండే నూకల్లాంటి మచ్చలు చల్లి, చెప్పులకూ చేతికీ కొంచెం మసక పట్టించాడు. కొత్తగా కలిపినదేదో, పాతదేదో నాకే తెలియలేదు.

టీచరు ప్రింటును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. కాగితాన్ని చుట్టుకుంటూ, వచ్చే వారమే సంవత్సరీకం, వస్తే భోంచేసి పోవచ్చు అన్నాడు, ఎటో చూస్తూ. ఆ పిలుపు టీచరుకు ఎంత కష్టమై ఉంటుందో నాకు తెలిసింది. మా డిజైనరు వస్తానన్నాడు. వెళ్ళలేదు. ఆ రోజు అంతా షాపులోనే ఉన్నాడు, పని లేకపోయినా.

టీచరు ఆ ఫొటోతోనే పెద్ద ఫ్లెక్సీ కూడా వేయించి ఊరి బస్సు స్టాపులో కట్టాడు. ఆ ఊళ్ళో అందరికీ ఆ ఇల్లు తెలుసు, అరుగు మీది మనిషి తెలుసు, వాడ మనుషులు ఆ వీధిలో ఎట్లా నడిచేవాళ్ళో తెలుసు. మరునాటికే ఎవరో కాళ్ళ దగ్గర బ్లేడుతో అడ్డంగా కోసేశారు. టీచరు ఇంకొక ఫ్లెక్సీకి చెప్పాడు. బడి వదిలి రావడానికి వీలు కాక, అది తీసుకెళ్ళడానికి అమ్మను పంపించాడు.

ఆమె వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఫ్లెక్సీ చుట్టను ఒళ్ళో పెట్టుకుంది. ఆయన ఆమెకు టీ పోసి ఇచ్చాడు. ఆమె తాగుతోంది. అప్పుడే మెట్లు ఎక్కి ఒక ముసలాయన వచ్చాడు. తెల్ల పంచె, చేతికర్ర, ఇప్పటికీ దువ్విన మీసం. ఫొటోలో అరుగు మీద కూర్చున్న మనిషే. ఫ్లెక్సీ అడుగున మా షాపు పేరు చిన్న అక్షరాలతో వేసి ఉంటుంది. అది చూసి వచ్చాడు.

ఆమె టీ గ్లాసుతోనే లేచి గోడ పక్కకు తప్పుకుంది.

ముసలాయన ఎవరినీ పలకరించలేదు. కొడుకు ముందు నిలబడి, “ఆ బొమ్మ ఈడనే చేసినారంట. ఎవురు చేసింది?” అన్నాడు.

అది గట్టిగా అడిగింది కాదు. అలిసిపోయినట్టు అడిగాడు. నేను మా డిజైనరు మొహం చూశాను. ఆ మనిషి ఆ చెప్పులకోసం పడ్డ అవస్థ అంతా చూసినదాన్ని కాబట్టి, ఇప్పుడు చెప్తాడనే అనుకున్నాను. ఆయన పెదవులు కదిలాయి.

“నాకు తెలీదు నాయనా,” అన్నాడు. “నేను లేనప్పుడు వచ్చింటారు.”

ముసలాయన అక్కడే నిలబడి ఉన్నాడు. నమ్మాలని ఉంది, నమ్మలేకపోతున్నాడు. మెల్లగా గోడ వైపు తిరిగాడు. ఆమెను అప్పుడే గుర్తుపట్టాడు.

“నువ్వు చెప్పు. ఎవురు చేసినారు?”

ఆమె గ్లాసు కింద పెట్టింది. “ఈ సామికి తెలీదు సామీ,” అంది. “ఈడ ఇంగొక పిల్లోడు ఉండె. మావాడు వానికి చెప్పి చేయించుకున్యాడు. ఇప్పుడు వాడు ఈడ లేడు.”

చేతిలో ఏమిటని అడిగాడు. బడికి ఏదో పటం సామీ అంది ఆమె, చుట్టను ఇంకొంచెం దగ్గరికి పట్టుకుని.

ముసలాయన గట్టిగా ఊపిరి వదిలాడు. స్టూలు మీద కూర్చున్నాడు, ఆమె లేచిన స్టూలు మీదే. మంచినీళ్ళు అడిగి తాగాడు. నా కొడుకు అట్లాంటి పని చెయ్యడని నాకు తెలుసు, ఊళ్ళో వాళ్ళు ఏమేమో అంటున్నారు అని నాతో చెప్పాడు. కొడుకు భుజం తట్టాడు. బస్సు ఎక్కించడానికి తండ్రి చెయ్యి పట్టుకుని ఆయన మెట్లు దిగుతుంటే, ఆయన మెడ వెనక ఎర్రగా కందిపోయి ఉండడం నాకు కనిపించింది.

ఆమె వెంటనే వెళ్ళలేదు. అదే బస్సులో పోతే చుట్ట ముసలాయన కంట పడుతుందని, తర్వాతి బస్సుకు పోతానంది. చుట్ట మీద ఏదైనా పేపరు చుట్టి ఇమ్మంది. నేను పాత పేపర్లు వెతుకుతుండగా మా డిజైనరు తిరిగి వచ్చాడు. ఆమె ఉంటుందని అనుకోలేదేమో, గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. కాసేపటికి వచ్చి నా చేతుల్లోంచి పేపర్లు తీసుకుని తనే చుట్టాడు. దారం ముడి రెండుసార్లు జారిపోయింది. ఆమె ఓపిగ్గా చూస్తూ నిలబడింది. ఏడుస్తాడేమో అనుకున్నాను. ఏడవలేదు. చుట్టను భుజాన వేసుకుని ఆమె వెనకే బస్టాండుకు వెళ్ళాడు.

తిరిగి వచ్చాక, ఆమెతో ఏం చెప్పారని అడిగాను.

“ఏం చెప్పలేదు పాపా. సీటు దొరికిందా అని అడిగినా. దొరికిందనింది.”

ఆ ఆదివారం ఊరికి వెళ్ళి వాళ్ళ నాయనకు నిజం చెప్పేస్తానన్నాడు. వెళ్ళాడు కూడా. సోమవారం వచ్చాక నేను అడగకుండానే తల అడ్డంగా ఊపాడు. వాళ్ళ నాయన అరుగు మీద నలుగురినీ కూర్చోబెట్టుకుని, ఆ పని తన కొడుకు చేసింది కాదని చెప్తున్నాడట. ఈయన ఆ నలుగురి మధ్యా కూర్చుని, వాళ్ళతో పాటు కాఫీ తాగి వచ్చాడట. ఆ తర్వాత ఆయన వస్తువుల బొమ్మలు వేయడం నేను చూడలేదు. కొన్ని నెలలకు షాపు మానేసి చిత్తూరు వెళ్ళిపోయాడు.

చివరిసారి ఆయన్ను చిత్తూరులో, కోర్టు దగ్గర టీ బంకు ముందు చూశాను. అప్పటికి పెళ్ళై నేను అక్కడికే వచ్చి ఉన్నాను. తల గొరిగించుకుని ఉన్నాడు, జుట్టు అప్పుడే మొలుస్తోంది. వాళ్ళ నాయన పోయి నెల దాటిందట. పక్షవాతం వచ్చి ఏడాదిపాటు మంచం మీదే ఉంటే, ఎత్తడం దించడం అన్నీ తనే చేశాడట. నాకు టీ చెప్పడానికి ఆయన ఎప్పటిలాగే కాసేపు తటపటాయించాడు. నేనే చెప్పాను.

ఇద్దరం నిలబడి తాగాం. అడగకూడదనుకుంటూనే, చివరికైనా మీ నాయనకు చెప్పారా అని అడిగాను.

“లేదు పాపా,” అన్నాడు. “మాట పడిపోయేదానికి ముందు గూడా, వచ్చినోళ్ళందరికీ అదే చెప్తాండె. నా కొడుకు అట్లాంటి పని చెయ్యడని.” గ్లాసు అడుగున మిగిలిన టీ పారబోశాడు. “నన్ను మంచోడనే అనుకోని పోయినాడు.”